అప్‌డేట్: బాబాయి పోకెమాన్ కార్డులను టోకెన్లుగా మార్చడం గురించి

బాబాయి అమెరికాలో ఉన్నప్పుడు కొన్న 1999 నాటి పోకెమాన్ బేస్ సెట్ కార్డులను ఎన్‌ఎఫ్‌టీలుగా (బ్లాక్‌చెయిన్ అనే డిజిటల్ ఖాతా పుస్తకంలో నమోదయ్యే ప్రత్యేకమైన టోకెన్లు) మార్చి అమ్మవచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పద్ధతి అర్థమైంది. ముందు పీఎస్ఏ లాంటి సంస్థ కార్డు ఎంత బాగా ఉందో చూసి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇస్తుంది. తర్వాత అసలు కార్డును వాల్ట్‌లో దాచి, దాని మీద టోకెన్ జారీ చేస్తారు. కోర్ట్‌యార్డ్ అనే ఆన్‌లైన్ వేదిక ఇదే పని పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద చేస్తోంది. కార్డు చేతికి కావాలంటే టోకెన్ రద్దు చేయించుకోవాలి.

అసలు టెన్షన్ పన్ను గురించే. ఇక్కడ బెంగళూరులో మాకు తెలిసిన సీఏ గారు ఓపికగా వివరించారు. వర్చువల్ డిజిటల్ ఆస్తుల (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల వంటివి) లాభంపై 30 శాతం పన్ను, నష్టాన్ని వేరే లాభంలో సర్దుకోవడం కుదరదు. అయితే టోకెన్‌తో పాటు వస్తువు యాజమాన్యం కూడా చట్టబద్ధంగా చేతులు మారితే, ఆ టోకెన్ ఈ కోవలోకి రాదని 2022 జూన్ 30న సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే ఆ వేదిక షరతుల్లో యాజమాన్యం గురించి ఏం రాశారో చదవాల్సిందే. నాకు ఇదే అన్నిటికన్నా పనికొచ్చిన మాట.

ప్రస్తుతానికి చారిజార్డ్ అనే పోకెమాన్ ఉన్న కార్డు ఒక్కటే గ్రేడింగ్‌కు పంపుతున్నాం. మిగతావి అమ్మడం బాబాయికి ఇష్టం లేదు. "నా కార్డు నేను ముట్టుకుని చూసుకోవాలిరా" అన్నారు. నాకూ అదే సరైనదనిపించింది.