అప్‌డేట్: యాక్సెస్ ఫ్రంట్ ఎండ్‌ను టెస్ట్, ప్రొడక్షన్ సర్వర్ల మధ్య మార్చడం

ఒకే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్‌ను (యూజర్లు వాడే ఫామ్‌లుండే ఫ్రంట్ ఎండ్) టెస్ట్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌కీ, అసలు (ప్రొడక్షన్) సర్వర్‌కీ టేబుల్స్‌ను చేత్తో రీలింక్ చేయకుండా ఎలా మార్చాలని అడిగాను కదా. పని అయింది, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

డీఎస్‌ఎన్ (కంప్యూటర్‌లో సేవ్ చేసి ఉంచే డేటాబేస్ కనెక్షన్ వివరాలు) పూర్తిగా తీసేశాను. సర్వర్, డేటాబేస్ పేర్లు ఒక లోకల్ టేబుల్‌లో ఉంటాయి. ఓపెన్ అవగానే కోడ్ ప్రతి టేబుల్‌డెఫ్ (టేబుల్ నిర్వచనం) చూసి, కనెక్షన్ వివరాలుండే దాని కనెక్ట్ ప్రాపర్టీ 'ఓడీబీసీ'తో మొదలైతే, అంటే అది సర్వర్ టేబుల్‌కి లింకైతే, కొత్త కనెక్షన్ స్ట్రింగ్ పెట్టి రిఫ్రెష్‌లింక్‌తో లింక్‌ను తాజా చేస్తుంది. లోకల్ టేబుల్స్‌కి ఆ ప్రాపర్టీ ఖాళీగా ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోదు.

అసలు జాగ్రత్త పాస్‌త్రూ క్వెరీల (యాక్సెస్ నేరుగా సర్వర్‌కి పంపేసే క్వెరీలు) దగ్గర. వాటి కనెక్షన్ క్వెరీడెఫ్‌లో (క్వెరీ నిర్వచనం) విడిగా ఉంటుంది, టేబుల్స్ మార్చినా అది మారదు. అంటే స్క్రీన్ మీద టెస్ట్ డేటా కనిపిస్తుంటే, వెనక అప్‌డేట్ మాత్రం అసలు సర్వర్‌లో జరిగిపోవచ్చు! తలుచుకుంటేనే టెన్షన్. అందుకే వాటికీ అలాంటి లూపే రాశాను.

లింక్ తీసేసి మళ్లీ చేస్తే వ్యూలకు (సర్వర్‌లో సేవ్ చేసిన క్వెరీలు, టేబుల్‌లా లింక్ అవుతాయి) ఒక్కో వరుసను గుర్తించే యూనిక్ ఇండెక్స్ పోయి రీడ్ ఓన్లీ అవుతాయి, ఆ ఇండెక్స్ కూడా కోడ్‌లోనే మళ్లీ సృష్టించాలి.

ప్రొడక్షన్‌లో ఉన్నప్పుడు మెయిన్ ఫామ్ పైన ఎర్ర పట్టీ కనిపిస్తుంది. యూజర్లకిచ్చే ఏసీసీడీఈ కాపీలో (కోడ్, డిజైన్ మార్చడానికి వీల్లేని యాక్సెస్ ఫైల్) సర్వర్ మార్చే బటన్ లేదు.