అమెరికా కౌంటీ జైలులో ఉన్న తమ్ముడితో హనుమకొండ నుంచి మాట్లాడేది ఎట్లా?

ప్రశ్న: హనుమకొండ అక్క

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. నేను పరకాల దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్న మా తమ్ముడిని పదకొండు రోజుల క్రితం అరెస్టు చేసి, అక్కడి కౌంటీ (మన జిల్లా వంటిది) జైలులో పెట్టారని అతని రూమ్మేట్ ఫోన్ చేసి చెప్పాడు. కేసు సంగతి ఇక్కడ రాయను. అది కోర్టు తేల్చవలసిన విషయం. వాడు లోపల ఉన్నన్ని రోజులు మేము వాడితో ఎట్లా మాట్లాడాలి, ఎవరు వెళ్లి చూడవచ్చు, ఏమి పంపవచ్చు అన్నదే నా ప్రశ్న.

ఆ జైలు వెబ్‌సైటులో వాడి పేరు కొట్టి చూస్తే అటువంటి ఖైదీ లేడని వస్తున్నది. మొన్న తెల్లవారుజామున తెలియని నంబరు నుంచి అమ్మకు ఫోన్ వస్తే, ఇంగ్లిషులో యంత్రం మాట్లాడుతున్నదని, ఎవరో మోసగాళ్లనుకొని పెట్టేసింది. అది వాడి ఫోనేనేమోనని అప్పటి నుంచి ఆమె ఫోన్ చేతిలోంచి కింద పెట్టడం లేదు. ఒక ఉత్తరం రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి, వాడికి ఇష్టమని సకినాలు కూడా డబ్బాలో సర్ది ఉంచింది. వాటిని పంపవచ్చునా? మా బాపు బీపీ మనిషి. ఆయనకు ఇంకా సగం సంగతే చెప్పాము. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: జగిత్యాల ప్రవాసి

అక్కా, నేను టెక్సాస్‌లో ఉంటాను. రెండేళ్ల క్రితం ఒక స్నేహితుడి కోసం ఇట్లాగే తిరిగాను కాబట్టి తెలిసినంత చెబుతాను.

మొదట పేరు సంగతి. మన పిల్లల్లో చాలామంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అటువంటప్పుడు అమెరికా వీసా మీద పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలియదని) అనే మూడు అక్షరాలు పడతాయి. జైలు రికార్డులోకి కూడా అదే ఎక్కుతుంది. నా స్నేహితుడు మూడు రోజులు మాకు దొరకకపోవడానికి కారణం ఇదే. మీ తమ్ముడి పాస్‌పోర్టు నకలు ముందు పెట్టుకొని, పేరంతా ఇంటిపేరు గడిలో వేసి, తరువాత పేరును ముక్కలు చేసి, పుట్టిన తేదీతో కలిపి వెతకండి. దొరికినప్పుడు అక్కడ కనిపించే బుకింగ్ నంబరును, అంటే జైలులో చేర్చుకునేటప్పుడు ఇచ్చిన నంబరును, రాసి పెట్టుకోండి. ఫోన్ ఖాతా, ఉత్తరం, డబ్బు, ములాఖత్, అన్నింటికీ ఆ నంబరే అడుగుతారు.

ఇక ఫోన్. లోపలివారు బయటికి చేయవలసిందే తప్ప మనం చేస్తే వారికి ఇవ్వరు. జైలు ఒక ప్రైవేటు కంపెనీకి ఫోన్ల పని అప్పగిస్తుంది. మనం ఆ కంపెనీలో ముందుగా డబ్బు వేసి ఖాతా తెరవాలి. ఫోన్ ఎత్తగానే, జైలులో ఉన్న ఫలానా వ్యక్తి మాట్లాడాలనుకుంటున్నాడని యంత్రం చెప్పి, ఒప్పుకుంటే ఒక అంకె నొక్కమంటుంది. అమ్మ పెట్టేసిన ఫోన్ బహుశా అదే. ఏ అంకె నొక్కాలో ఒక కాగితం మీద పెద్దగా రాసి ఫోన్ పక్కన అతికించండి. భారతదేశపు నంబరును ఆ ఖాతాలో చేర్చుకుంటారో లేదో ముందే అడగాలి. చేర్చుకోకపోతే రూమ్మేట్ ఫోన్‌కు రప్పించుకొని అక్కడి నుంచి మీకు కలపాలని చూడకండి. మూడో వ్యక్తిని కలిపితే చాలా జైళ్లలో లైను తెగిపోతుంది, ఖైదీకి కొన్నాళ్లు ఫోన్ కూడా ఆపేస్తారు. వేళల సంగతి కూడా గుర్తుంచుకోండి. టెక్సాస్‌లో ఎక్కువ భాగం మన కంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది.

ములాఖత్‌కు రూమ్మేట్ వెళ్లవచ్చు. ఒరిజినల్ పాస్‌పోర్టో, అక్కడి డ్రైవింగ్ లైసెన్సో వెంట తీసుకెళ్లాలి. కొన్ని జైళ్లలో ఖైదీ ముందుగా తన జాబితాలో అతని పేరు రాయించాలి. టెక్సాస్ కౌంటీ జైళ్లకు రాష్ట్రం పెట్టిన కనీస నియమం ప్రకారం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు కలవనివ్వాలి. అయితే ఎదురెదురుగా కూర్చొని చేయి పట్టుకొనే ములాఖత్ అనుకోకండి. మధ్యలో మందపాటి అద్దం, చెవికి రిసీవరు ఉంటాయి. కొన్ని చోట్ల తెర మీద బొమ్మ మాత్రమే. నేను వెళ్లిన రోజు నా స్నేహితుడు అద్దం మీద అరచేయి ఆనించి మొదట అడిగిన మాట, మా ఊళ్లో వానలు పడ్డాయా అని. నేను ఇరవై నిమిషాలూ పొలం గురించే చెప్పాను.

సకినాలు పంపకండి. ఇంటి నుంచి తినుబండారాలు తీసుకోరు. అతని పేరున కమిసరీ (జైలు లోపలి కొట్టు) ఖాతాలో డబ్బు వేస్తే సబ్బు, కవర్లు, నూడుల్స్ వంటివి లోపలే కొనుక్కుంటాడు. మన దేశపు కార్డులు అక్కడ పనిచేయకపోవచ్చు కాబట్టి రూమ్మేట్ చేత వేయించడమే మేలు. అమ్మ ఉత్తరం మాత్రం తప్పక పంపండి. అయితే మరకలు, రంగులు, మెరుపులు, అంటించిన కాగితాలు ఉన్న ఉత్తరాలను మత్తుపదార్థాల భయంతో వెనక్కి పంపుతారు. కనుక పసుపు లేకుండా, తెల్ల కాగితం మీద నీలి ఇంకుతో మళ్లీ రాయమని చెప్పండి. కొన్ని జైళ్లు పోస్టు కార్డులే తీసుకుంటాయి. కొన్ని ఉత్తరాన్ని స్కాన్ చేసి తెర మీద చూపిస్తాయి. పుస్తకాలు మనం పార్శిల్ కట్టకూడదు, కొత్తవి, మెత్తటి అట్టవి, అమ్మేవారి దగ్గరి నుంచే నేరుగా వెళ్లాలి.

జవాబు: నర్సంపేట నుంచి ఒక తండ్రి

అమ్మా, మా అబ్బాయి వేరే రాష్ట్రంలో నాలుగు నెలలు కౌంటీ జైలులో ఉన్నాడు. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను. మొదటి ఫోన్‌లోనే నేను ఆవేశపడి, ఆ రోజు ఏమి జరిగింది, నీతో ఎవరెవరున్నారు అని వరుసగా అడిగాను, వాడు చెప్పాడు. ఆ ఫోన్లన్నీ రికార్డవుతాయి, ప్రభుత్వ వకీలుకు చేరవచ్చు. తెలుగులో మాట్లాడుకున్నాం కదా ఎవరికి అర్థమవుతుందని అనుకున్నాను. అనువాదకులను పెట్టి రాయించారు. మా వకీలు ఆ కాగితాలు చూపించినప్పుడు నా ప్రశ్నలు నాకే చదవబుద్ధి కాలేదు. కేసు మాట వకీలుతోనే, ఇంట్లోవాళ్లతో కేసు తప్ప మిగతావన్నీ. వాడితో మొదటే ఈ మాట అనుకోండి.

ఫోన్‌లో ఏడుపే వస్తుంటే ఒక చిన్న పని చేయండి. వాడికి చెప్పవలసినవి ముందుగా కాగితం మీద రాసుకోండి. నా భార్య ఇంటి వెనుక జామచెట్టుకు ఎన్ని కాయలు పడ్డాయో కూడా రాసుకొని చెప్పేది. ఆ రోజుల్లో వాడు అన్నం సరిగ్గా తిన్నది ఆమెతో ఫోన్‌లో మాట్లాడిన రోజుల్లోనేనని తరువాత చెప్పాడు. మీ బాపుకు కూడా పూర్తి సంగతి చెప్పండి. పక్కింటి నుంచి వింటే బీపీకి ఇంకా చేటు.

జవాబు: వరంగల్ కోర్టు వకీలు

అమెరికా చట్టం నా వృత్తి కాదు. అయినా ఇక్కడి కుటుంబాలు తరచుగా వచ్చి అడిగే మూడు విషయాలు చెబుతాను. విదేశీయుడిని అరెస్టు చేస్తే, అతను కోరితే అతని దేశపు కాన్సులేటుకు ఆలస్యం లేకుండా తెలియజేయాలని 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం చెబుతున్నది. టెక్సాస్ హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. అయితే మీ తమ్ముడు స్వయంగా కోరి సమ్మతి తెలపనిదే జైలువారు సాధారణంగా కాన్సులేటుకు వివరాలు ఇవ్వరు, కాబట్టి మొదటి ములాఖత్‌లోనే అతనికి ఈ సంగతి అందేటట్టు చూడండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో మీరు ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

రెండవది, వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే వకీలును ఇస్తుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉన్నదేమో కూడా వకీలు తన కక్షిదారుకు చెప్పవలసి ఉన్నదని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. త్వరగా బయటికి వస్తావంటే సంతకం పెట్టేయకుండా, ముందు ఆ ప్రశ్న అడగమని చెప్పండి. మూడవది, బెయిలుకు డబ్బు కట్టే ముందు వలస శాఖవారు అతని మీద డిటైనర్ (విడుదల చేసేటప్పుడు తమకు అప్పగించమని జైలును కోరే కాగితం) వేశారేమో తెలుసుకోండి. వేసి ఉంటే కౌంటీ జైలు వదిలినా వారు తీసుకుపోయే అవకాశం ఉంది, అప్పుడు మీరు అతన్ని వేరే చోట వెతకవలసి వస్తుంది. జైలు అధికారినని చెప్పి ఎవరైనా ఫోన్‌లో డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

హనుమకొండ అక్క

మీ అందరికీ పేరుపేరునా దండాలు. ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టగానే వాడి ఫోటో వచ్చింది, గడ్డం పెరిగి ఉంది. అమ్మకు చూపించాలా వద్దా అని కాసేపు ఆలోచించి చూపించాను. బుకింగ్ నంబరు కేలండరు మీద రాసి పెట్టాము. బాపుకు నిన్న రాత్రి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత ఖాతాలో ఎంత వేయాలని అడిగారు. అమ్మ ఉత్తరం తెల్ల కాగితం మీద మళ్లీ రాస్తున్నది. పసుపు పెట్టిన కాగితాన్ని దేవుడి దగ్గర ఉంచింది. రూమ్మేట్‌కు శనివారం ములాఖత్ దొరికింది, కాన్సులేట్ సంగతి, సంతకం సంగతి రెండూ అతనికి రాయించి పంపాను. ఆ ములాఖత్ అయ్యాక ఇక్కడే రాస్తాను.