హాలోవీన్‌కి పొదల మీద దూది సాలెగూళ్లు: వేయొచ్చా, వేయకూడదా?

డల్లాస్_పద్మ:
ఈసారి అలంకరణంతా ఇంట్లో చేసిందే ఉండాలని మా పిల్లల పట్టు. అట్టముక్కలతో గబ్బిలాలు, పాత దుప్పటితో దెయ్యం అయ్యాయి. ప్యాకెట్లో అమ్మే సాగే దూది తెచ్చి వాకిట్లో పొదలన్నిటి మీదా సాలెగూడులా పరిచాను. పక్కింటావిడ వచ్చి, పిట్టలు ఇరుక్కుంటాయి, తీసేయమంటోంది. అక్టోబర్ 31న హాలోవీన్ దాటగానే ఎలాగూ తీసేస్తాను కదా! ఇంత రాద్ధాంతం అవసరమా?

గ్యారేజ్_గురువు:
అవసరమేనండీ. పేరుకే దూది, చాలావరకు అది పాలిస్టర్ పీచు. సాగదీస్తే వెంట్రుకలా సన్నబడుతుంది, తెగదు. చిన్న పిట్ట రెక్క తగిలిందంటే, గింజుకునే కొద్దీ ఇంకా చుట్టుకుంటుంది. గబ్బిలాలకీ తేనెటీగలకీ అదే గతి. గాయపడ్డ అడవి జీవాలను చూసే కేంద్రాలు హాలోవీన్ ముందు మొత్తుకునేది దీని గురించే. పైగా మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో వెళ్తూ మీ టెక్సాస్ దాటేది అక్టోబర్‌లోనే.

జెర్సీ_రవి:
గురువుగారూ, మరీ అతి. అమెరికాలో పిట్టల్ని చంపేది పిల్లులు, కిటికీ అద్దాలు. వాటి ముందు ఈ దూది ఎంత? మేం ఏటా వేస్తున్నాం, ఒక్క పిట్టా చిక్కుకోలేదు.

గ్యారేజ్_గురువు:
పిల్లుల లెక్క ఎక్కువే, కాదనను. అద్దాలు పీకేయలేం, దూది పరచకుండా ఉండగలం. చిక్కుకోలేదంటున్నారు, రోజూ పొద్దున్నే పొదల్లో వెతికారా? పూర్తిగా మానేయమనట్లేదు. కిటికీకి లోపలి వైపు ఎంతైనా వేసుకోండి.

శాంతి_క్రాఫ్ట్స్:
పద్మగారూ, బట్టలారేసే తాడుతో చేసి చూడండి. పోర్చ్ స్తంభం, రెయిలింగ్, మెట్ల మధ్య నాలుగైదు తాళ్లు ఒకచోట కలిసేలా బిగించి కట్టండి. ఆ నడిమి ముడి నుంచి మొదలుపెట్టి, మెలికల ముగ్గులా చుట్టూ తిప్పుకుంటూ, ప్రతి తాడు దగ్గరా ఒక ముడి వేయండి. సందులు అరచేయి దూరేంత ఉండాలి, తాడు వదులుగా వేలాడకూడదు. నల్ల చెత్తసంచిలో ఎండాకులు కుక్కితే సాలీడు పొట్ట రెడీ. కింద నుంచి చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టండి. గోడ మీద పడే నీడే అసలు భయం. దూది ఆ నీడ ఇవ్వదు.

జెర్సీ_రవి:
అది మాత్రం బాగుంది. శాంతిగారూ, టాపిక్ కాదనుకోండి, ఫోమ్ బోర్డుతో చేసిన సమాధి రాయికి స్ప్రే పెయింట్ కొడితే బుసబుసా కరిగిపోయింది. ఎందుకంటారు?

శాంతి_క్రాఫ్ట్స్:
స్ప్రేలో ఉండే సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. ముందు గోడలకి వేసే లేటెక్స్ రంగు రెండు పూతలు వేయండి. పాతబడ్డ రాయిలా గుంటలు కావాలంటే మాత్రం కావాలనే అక్కడక్కడా స్ప్రే కొడతారు. బయట చేయండి, ఆ పొగ పీల్చకూడదు.

డల్లాస్_పద్మ:
సరే, పొద్దుట్నుంచీ పీకుతున్నా. హాలీ ఆకుల ముళ్లకి పట్టుకుని రావట్లేదు. కొమ్మల చివర్లు కత్తిరించేయనా?

గ్యారేజ్_గురువు:
కత్తిరించేయండి, మళ్లీ చిగురిస్తుంది. పోగులు మిగలనివ్వకండి. వసంతంలో పిట్టలు గూటికి ఎత్తుకెళ్తే పిల్లల కాళ్లకి చుట్టుకుంటాయి.

జెర్సీ_రవి:
మా పొదల మీద ఈ ఏడాదికి ఉంచేస్తున్నా. ఇక రోజూ పొద్దున ఓసారి చూస్తాలెండి.