హెచ్‌ఐవీ మందులు ఫ్రీగా వస్తున్నాయి సరే, ఆసుపత్రిలో ఇంకేం ఉంటే బాగుండు?

పర్లాకిమిడి పిల్ల:
ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు సర్కారు 2004 నుంచి ఉచితంగానే ఇస్తోంది, ఆ సంగతి పక్కన పెడదాం. నాకైతే తెలుగులో చెప్పే కౌన్సెలర్ కావాలి. ఒడియా నాకు బజారు వరకే వచ్చు. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్రకి మార్చినప్పుడు గబగబా ఏదో చెప్పి పంపేశారు. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్‌కి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలని చాలా రోజులకి ఇంకొకరు చెబితే తెలిసింది. మీ సంగతేంటి?

బల్లార్షా కాకా:
మా చంద్రపూర్ జిల్లాలో హిందీ, మరాఠీతో పని నడుస్తుంది, భాషతో తిప్పలు లేవు. నాకు కావాల్సింది టైము. మందుల రోజంటే ఆ రోజు కూలి పోయినట్టే. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) తగ్గి నిలకడగా ఉన్నోళ్లకి మూడు నెలల మందు ఒకేసారి ఇస్తే ఏం పోతుంది? స్టాకు ఉన్నప్పుడు ఇస్తారు, లేకపోతే మళ్లీ నెల నెలా తిరుగుడే.

సూరత్‌లో గంజాం:
నేను పవర్‌లూమ్‌లో చేస్తా, మందు సూరత్‌లోనే. పండక్కి ఊరొచ్చాక టికెట్ దొరక్క ఇరుక్కుపోతే మాత్రలు అయిపోతాయి. సెంటర్ మారాలంటే కాగితాలు, రెండు చోట్లా పని. నా పుస్తకం చూసి ఓ నెల మందిచ్చి పంపితే చాలు.

రాయగడ:
కొందరు వేరే గది, వేరే కౌంటర్ అడుగుతారు. నాకొద్దు బాబూ. ఆ గుమ్మం ముందు నిలబడితే ఎందుకొచ్చామో ఎవరికీ చెప్పక్కర్లేదు. బీపీ, షుగర్ వాళ్లతో పాటే కూర్చోబెట్టండి.

పర్లాకిమిడి పిల్ల:
అక్కా, మామూలు ఓపీలో మా వీధి వాళ్లే ఉంటారు! వేరే గదే నయం. అసలు అందుకే నేను శ్రీకాకుళం వెళ్లిపోదామని చూస్తున్నా. భాషా కలుస్తుంది, మొహం తెలిసినవాళ్లూ ఉండరు.

రాయగడ:
బస్సు ఛార్జీలున్న వాళ్లకి బాగానే ఉంటుంది.

జయపురం:
ఏఆర్‌టీ సెంటర్లో మర్యాదకి లోటు లేదు, నిజం చెప్పాలి. గొడవంతా బయటే. ఓ ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో హెర్నియా ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చి, రక్తపరీక్ష రిపోర్టు రాగానే డాక్టరు ఊళ్లో లేరన్నారు. ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో రాశారు, వార్డుబాయ్‌కి కూడా తెలిసిపోయింది. పంటి డాక్టరుకైతే చెప్పడమే మానేశాను.

బల్లార్షా కాకా:
అలా వెనక్కి పంపడం, బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం తప్పు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇరవై మంది, ఆపైన సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, రాష్ట్రానికో అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించే అధికారి ఉండాలి. కోర్టుకెళ్తే మారుపేరుతో కేసు నడపమని అడగొచ్చు.

జయపురం:
చట్టం బాగానే ఉంది కాకా. నాకు కావాల్సింది కేసు కాదు, ఆపరేషను.

కొత్త సభ్యుడు, ధర్మాబాద్:
నా వైరల్ లోడ్ కాగితంలో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది. జబ్బు పోయినట్టేనా? రద్దీలో అడగడం కుదర్లేదు.

రాయగడ:
పోలేదు తమ్ముడూ. పరీక్షకి దొరకనంత తగ్గింది. అలాగే ఉన్నన్నాళ్లూ శృంగారం వల్ల ఇంకొకరికి సోకదు. మందు ఆపితే మళ్లీ పెరుగుతుంది. అనుమానాలుంటే 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. పెళ్లి గురించి అడగాలంటే విడిగా పోస్టు పెట్టు, చెప్పేవాళ్లున్నారు.