పాత 13 జిల్లాల మ్యాపులో తూర్పు గోదావరి మాత్రం మార్చాలి, ఇంక్‌స్కేప్‌లో ఎలా?

సోషల్_టీచర్ | 2023 ఆగస్టు 3
నమస్కారమండి. మా హైస్కూలు గోడకి ఆంధ్రప్రదేశ్ మ్యాపు ఫ్లెక్సీ వేయిద్దామని పంద్రాగస్టు లోపు తయారు చేస్తున్నాను. దొరికిన ఎస్‌వీజీ ఫైలు (గీతలతో తయారైన, ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ) 13 జిల్లాలది. దాన్ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి కదా, పిల్లలకి పాతది చూపించలేను. ముందు మా తూర్పు గోదావరి మారుద్దామని అంతా అన్‌గ్రూప్ చేసి, పాత జిల్లా డిలీట్ చేసి, కొత్తవి చేత్తో గీశాను. పక్క జిల్లాలతో అతకడం లేదు. ఒకచోట సందు, ఇంకోచోట ఒకదాని మీదికి ఒకటి ఎక్కేసింది. రెండు రాత్రులు పోయాయి. ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు | ఆగస్టు 3
మేడం, పాత ముక్కని డిలీట్ చేయకండి. దాన్నే కోయండి. పక్క జిల్లాలతో ఉన్న అంచు అలాగే ఉంటుంది, లోపల గీత ఒక్కటే కొత్తది.

కొత్త జిల్లాల మ్యాపు బొమ్మ ఒకటి ఇంపోర్ట్ చేసి, వేరే లేయర్‌లో పెట్టి, ఒపాసిటీ సగానికి తగ్గించి, ఆ లేయర్‌ని లాక్ చేయండి. పెన్ టూల్ తీసుకుని దాని ఆధారంగా సరిహద్దు గీయండి. గీత రెండు కొసలూ జిల్లా అంచు దాటి కాస్త బయటికి రావాలి, లేకపోతే ముక్క పూర్తిగా తెగదు. గీత పైన, జిల్లా కింద ఉండగా రెండూ సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో డివిజన్ నొక్కండి. గీత పోయి జిల్లా రెండు ముక్కలవుతుంది. రెండింటికీ అంచు ఒకటే కాబట్టి సందు రాదు.

ఒకసారికి ఒక గీత, ఒక జిల్లా. ఇంకో మాట, మొత్తం అన్‌గ్రూప్ చేయనక్కర్లేదు. కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే గ్రూపు లోపలి జిల్లా ఒక్కటే సెలెక్ట్ అవుతుంది.

పాడేరు_కొండ | ఆగస్టు 4
పైన చెప్పింది సరైన పద్ధతే. కానీ ఒక్క తూర్పు గోదావరితో పని అవదండి. కొవ్వూరు, నిడదవోలు వైపు భాగం పశ్చిమ గోదావరి నుంచి కొత్త తూర్పు గోదావరిలోకి వచ్చింది. రంపచోడవరం వైపు భాగం, విశాఖ నుంచి వచ్చిన పాడేరు భాగం కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అంటే మూడు పాత జిల్లాలూ కోసి, తర్వాత ముక్కలు జత చేసి పాత్ మెనూలో యూనియన్ కొట్టాలి.

నేను చేసినప్పుడు యూనియన్ తర్వాత మధ్యలో వెంట్రుకంత చీలిక మిగిలింది. పాత ఫైలులో రెండు జిల్లాల అంచులు సరిగ్గా కలవకపోవడమే కారణం. బాగా జూమ్ చేసి, నోడ్ టూల్‌తో ఆ చీలిక చుట్టూ ఉన్న నోడ్లు (గీతని కలిపే చుక్కలు) డిలీట్ చేశాను. విసుగు పనే, కానీ అలాగే వదిలేస్తే ఫ్లెక్సీ మీద తెల్లగా కనిపిస్తుంది.

మీ ఫైలు ఎప్పటిదో కూడా చూడండి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఖమ్మం నుంచి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాలు మనవైపు వచ్చాయి. అవి లేని మ్యాపులు ఇంకా తిరుగుతున్నాయి. అలాంటిదైతే బయటి అంచు కూడా మార్చాలి. మా మన్యం ఊళ్లు మ్యాపులో లేకుండా పోతే నాకు చాలా బాధగా ఉంటుంది.

యానాం మర్చిపోకండి. అది పుదుచ్చేరిది. దాన్ని విడి ముక్కగా వేరే రంగులో పైన పెట్టేస్తే సులువు.

డల్లాస్_తమ్ముడు | ఆగస్టు 4
నాది ఫ్లెక్సీ కాదు, వెబ్‌సైటు. జిల్లా మీద నొక్కితే వివరాలు వచ్చేలా ప్రతి జిల్లాకీ ఐడీ ఇచ్చుకున్నాను. కోసి కలిపాక ఐడీలు మారిపోయి అంతా ఆగిపోయింది. అప్పటినుంచి ఇలా చేస్తున్నాను. కొత్త ఆకారం పక్కన తయారు చేసుకుని, ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌లో (ఫైలు లోపలి కోడ్ చూపించే చోట) దాని ‘డి’ అట్రిబ్యూట్ విలువ, అంటే ఆకారాన్ని చెప్పే అంకెల వరుస, కాపీ చేసి, పాత జిల్లా ‘డి’లో పేస్ట్ చేస్తాను. ఐడీ, రంగు అన్నీ అలాగే ఉండి ఆకారం మాత్రం మారుతుంది. రెండింటిలో దేనికైనా, లేదా అది ఉన్న గ్రూపుకైనా, ‘ట్రాన్స్‌ఫార్మ్’ అనే అట్రిబ్యూట్ ఉంటే మాత్రం ముక్క ఎక్కడికో ఎగిరిపోతుంది. ముందే చూసుకోవాలి. టీచర్ గారికి ఇది అవసరం రాకపోవచ్చు, వెబ్‌కి చేసేవాళ్లకి పనికొస్తుందని రాశాను.

ఫ్లెక్సీ_ప్రెస్ | ఆగస్టు 5
మేడం, మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ గొడవ పేర్లతోనే. అను ఫాంట్లతో (యూనికోడ్ కానివి) టైపు చేసినవి ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో పిచ్చి అక్షరాలైపోతాయి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంటు వాడండి. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు టెక్స్ట్‌ని పాత్‌లుగా (అక్షరాలని గీతల ఆకారాలుగా) మార్చే ఆప్షన్ ఎంచుకోండి, ఒత్తులు, గుణింతాలు చెదరవు. అసలు ఎస్‌వీజీ మాత్రం విడిగా దాచుకోండి, పాత్ అయిన పేరులో తప్పు దిద్దలేరు.

రంగులు స్క్రీన్ మీద కనిపించినట్టే రావు. ముందు చిన్న ముక్క ప్రింట్ తీయించుకుని చూడండి.

సోషల్_టీచర్ | ఆగస్టు 9
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నా ఫైలు పాతదేనండి, చింతూరు వైపు నిజంగానే లేదు. పాడేరు గారు చెప్పకపోతే అలాగే అచ్చయ్యేది. ఆ భాగం కొత్తగా గీసి, రంపచోడవరం, పాడేరు ముక్కలతో కలిపాను. కోనసీమకి మొదటిసారి గీత కొస అంచు లోపలే ఆగిపోయి ముక్క తెగలేదు. కొస కాస్త బయటికి లాగితే ఒక్క నొక్కుతో విడిపోయింది. కొవ్వూరు కూడా కలిసింది. మిగతా జిల్లాలు రోజుకి రెండు మూడు చొప్పున కోస్తున్నాను. కడప, చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లా కోసినవాళ్లు ఎవరైనా ఉంటే, రాయచోటి, మదనపల్లె ముక్కలు కలిపేచోట చీలిక వచ్చిందా?

గోదారిగట్టు | ఆగస్టు 9
వచ్చింది మేడం. మదనపల్లె వైపు నోడ్లు ఎక్కువ, అక్కడే జూమ్ చేసి చూడండి.