పత్తి సీజన్‌లో కూడా మెయిన్ బ్రాంచ్‌కు తాళం ఉండాలా? (జిన్నింగ్ మిల్లు కాంటా సాఫ్ట్‌వేర్)

కాంటా_కోడర్ (హన్మకొండ)

మాది ఐదుగురి టీమ్. జిన్నింగ్ మిల్లుల వే బ్రిడ్జిలకు సాఫ్ట్‌వేర్ రాస్తం, అంతా సీ ప్లస్ ప్లస్. కాంటా గదిలో చిన్న ఏఆర్ఎం బోర్డు ఉంటది, డెబియన్ 11 మీద నడుస్తది. అది ఇండికేటర్ (బరువు చూపే డబ్బా) నుంచి సీరియల్ పోర్ట్‌లో బరువు చదివి ఆఫీసులోని విండోస్ పీసీకి పంపిస్తది. తక్‌పట్టీ (తూకం చీటీ), పైసల లెక్క ఆ పీసీ మీద. ఇన్నాళ్లు ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే ఫైల్‌గా మార్చి), పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొని మిల్లుకు పోయేటోళ్లం.

అక్టోబర్‌లో పత్తి మొదలయ్యేలోపు గిట్‌ల్యాబ్‌లో (కోడ్ దాచి బిల్డ్‌లు నడిపే సర్వీస్) ఆటోమేటిక్ బిల్డ్, టెస్టులు పెడుతున్నం. దీనికి అందరూ సరే అన్నరు. పేచీ ఒక్కదాని మీదనే. బిల్డ్ గానీ టెస్టు గానీ ఫెయిలైతే మెయిన్‌లో (అందరి కోడ్ కలిసే అసలు బ్రాంచ్) కలపనీయకుండా తాళం వేయాలా, లేక ఎర్ర గుర్తు చూపించి నిర్ణయం మనిషికి వదిలేయాలా? తాళం వేయాల్సిందే అని నా మాట. టీమ్‌లో ఇద్దరు ఒప్పుకుంటలేరు. మీ దగ్గర ఎట్ల చేస్తున్నరో, ఎందుకో చెప్పండి.

జమ్మికుంట_జంక్షన్

అన్నా, నేను ఫీల్డ్‌లో తిరిగేటోన్ని, కాబట్టి సూటిగా చెప్తున్న. తాళం వద్దు. నవంబర్‌లో రాత్రి తూకం ఆగిందంటే బండ్లు మెయిన్ రోడ్డు దాకా నిలబడతయి. పొద్దటి సంది తిండి లేని రైతు మన మీదికొస్తడు, మిల్లు సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తడు. ఆ టైంకు నా చేతిల ఒక్క లైన్ ఫిక్స్ ఉన్నది. ఎక్కడో నెలవారీ రిపోర్ట్ టెస్టు ఫెయిలైందని సర్వర్ ఆపేస్తే ఆ రైతుకు ఏం జవాబు చెప్పాలె? తాళం తీసే మనిషి పండుకొని ఉంటే ఎట్ల? ఎర్ర గుర్తు చూపించండి, మంచిదే. ఆపొద్దు.

ఓరుగల్లు_టెస్టర్

జమ్మికుంట అన్న చెప్పిన ఒత్తిడి నిజమే. ఆ ఒత్తిడి ఉన్నందుకే తాళం కావాలంటున్న. రాత్రిపూట అలిసిపోయిన మనిషి ఎర్ర గుర్తు చూసి "ఇది మనకు సంబంధం లేదులే" అనుకుంటడు. అట్ల రెండుసార్లు జరిగితే మూడోసారి గుర్తును చూడనే చూడడు. మెయిన్ ఒక రోజు ఎర్రగా ఉన్నదంటే ఆ రోజు దాని నుంచి తీసిన ప్రతి బ్రాంచ్ ఎర్రగానే ఉంటది. ఏ ఫెయిల్ ఎవరిదో తేల్చుడే ఒక పని అయితది.

మీ ప్రాజెక్టుకు సరిగ్గా తగిలే విషయాలు రెండున్నయి. సాధారణంగా మనం వాడే లినక్స్ ల్యాప్‌టాప్‌లో రెండూ కనబడవు.

మొదటిది లాంగ్, అంటే పూర్తి సంఖ్యలు పెట్టే టైప్. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు. విండోస్‌లో మాత్రం 64 బిట్ మెషీన్ మీద కూడా 32 బిట్లే. మీరు సొమ్మును పైసల్లో లెక్కకట్టి, సీజన్ మొత్తాన్ని లాంగ్‌లో పెట్టిన్రనుకోండి. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. పైసల్లోంచి మారిస్తే రూ. 2,14,74,836.47. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,521. అంటే దాదాపు 2,855 క్వింటాళ్లు కొనేసరికి ఆ మిల్లు మొత్తం మైనస్‌లో పడతది. ఏ మిల్లుకైనా అది సీజన్ మధ్యలోపే వచ్చే లెక్క. లినక్స్ మీద ఎన్ని శానిటైజర్లు (నడిచేటప్పుడు తప్పులు పట్టే టూల్స్) పెట్టి నడిపినా దొరకదు, అక్కడ లాంగ్ పెద్దది కాబట్టి పొంగనే పొంగదు. విండోస్ బిల్డ్ మీద రెండున్నర కోట్ల మొత్తంతో ఒక టెస్టు నడిస్తే ఒక్క సెకనులో పట్టుకుంటది. మందు కూడా చిన్నదే. సొమ్ము ఉన్న ప్రతిచోటా ఎక్కడైనా 64 బిట్లే ఉండే ఇంట్64_టీ వాడాలె.

రెండోది చార్, అంటే ఒక్క బైట్ పట్టే టైప్. ఎక్స్86 (మన ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్) లినక్స్‌లో చార్ సైన్డ్, అంటే మైనస్ కూడా పడతది. ఏఆర్ఎం లినక్స్‌లో అన్‌సైన్డ్, మైనస్ పట్టదు. ఒక్కో బైట్ చదివే ఎఫ్‌గెట్‌సీ ఫంక్షన్ ఇచ్చేది ఇంట్, చార్ కంటే పెద్ద టైప్. దాన్ని చార్‌లో పెట్టుకొని ఈఓఎఫ్‌తో (డేటా అయిపోయిందని చెప్పే మైనస్ 1) పోల్చే కోడ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆగుతది. బోర్డు మీద మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటది, పోలిక ఎప్పటికీ కుదరదు, లూప్ ఆగదు. కాంటా మీద బండి ఉంటది, స్క్రీన్ మీద బరువు కదలదు. ఇదే కోడ్‌ను ఏఆర్ఎం కంపైలర్‌తో, మైనస్ డబ్ల్యు ఎక్స్‌ట్రా (అదనపు వార్నింగుల ఆప్షన్) పెట్టి బిల్డ్ చేస్తే "ఈ పోలిక ఎప్పుడూ నిజమే" అని కంపైలర్ జీసీసీనే చెప్తది. వినేటందుకు ఆ బిల్డ్ ఎవరో ఒకరు చేయాలె కదా. బోర్డు చేతిలో లేకుంటే, ల్యాప్‌టాప్ బిల్డ్‌కే మైనస్ ఎఫ్ అన్‌సైన్డ్ చార్ ఇచ్చి టెస్టులు ఒకసారి నడపండి. ఖర్చు లేదు, ఈ జాతి తప్పులు చాలావరకు బయటపడతయి.

సీసీఐ (కాటన్ కార్పొరేషన్) సెంటర్‌లో తేమ 12 శాతం దాటితే పత్తి కొనరు. రైతు ఎంత దూరం నుంచి వచ్చినా మీటర్ చూడకుండా కాంటాకు పంపరు. మన కోడ్‌కు ఆ మాత్రం పట్టింపు ఉండొద్దా?

జమ్మికుంట_జంక్షన్

అక్కా, తేమ మీటరే తప్పు చూపిస్తే? ఒకే టెస్టు ఒకసారి పాస్, మల్లొకసారి ఫెయిల్ అయితది చూడు, నా భయమంతా దాని గురించే. సీరియల్ పోర్ట్ టెస్టులు సగం అట్లనే ఉంటయి, టైమౌట్ మీద ఆధారపడి. వాటికి తాళం అప్పజెప్తే రోజూ పంచాయితీయే.

కాజీపేట_కంపైలర్

టెస్టు ఊరికే ఫెయిల్ కావడం గురించే అందరూ మాట్లాడుతున్నరు. నాకు అంతకంటే పెద్ద భయం ఊరికే పాస్ కావడం. పచ్చ గుర్తును నమ్మేముందు మీ బిల్డ్‌లో ఈ రెండు చూడండి.

సీమేక్‌లో (బిల్డ్ సిద్ధం చేసే టూల్) రిలీజ్ బిల్డ్ అంటే జీసీసీకి ఎన్‌డీబగ్ జెండా వెళ్తది. ఆ జెండా ఉంటే అసర్ట్ లైన్లన్నీ (ఇది నిజమేనా అని చూసి, కాకపోతే ఆపేసే లైన్లు) మాయమైపోతయి. టెస్టులను ఫ్రేమ్‌వర్క్ లేకుండా ఉత్త అసర్ట్‌తో రాసుకున్న టీమ్‌లు మస్తున్నయి. వాళ్లు సర్వర్ మీద రిలీజ్ మోడ్‌లో నడిపితే ప్రతి టెస్టు పాస్. రెండు రెండ్లు ఐదు అని రాసినా పాస్. అసర్ట్ బ్రాకెట్లలో ఫైల్ తెరిచే ఫంక్షన్‌ను పిలిచిన కోడ్ అయితే ఆ ఫైల్ తెరుచుకోనే తెరుచుకోదు. ఇగ సీటెస్ట్‌కు (సీమేక్‌తో వచ్చే, టెస్టులు నడిపే టూల్) ఒక్క టెస్టు కూడా దొరకకపోతే "టెస్టులేమీ లేవు" అని ఒక లైన్ రాసి, విజయవంతమైనట్టే బయటికొస్తది. నో టెస్ట్స్ ఈక్వల్స్ ఎర్రర్ అనే ఆప్షన్ ఇస్తేనే ఫెయిల్ అయితది.

కాబట్టి తాళం వేసే రోజున ఒక టెస్టును కావాలని చెడగొట్టి పంపండి. సర్వర్ ఆపిందా లేదా చూడండి. ఆపకపోతే ఆ తాళం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇది తేలేదాకా నేను ఏ పక్షమూ కాదు.

గోదావరిఖని_సిస్టమ్స్

తాళం గొడవల్లో చాలావరకు అసలు కారణం బిల్డ్ నిదానంగా ఉండటం. ఐదు నిమిషాల్లో జవాబొస్తే ఎవరూ అడ్డదారి వెతకరు. నలభై నిమిషాలంటే ఎంత మంచోడైనా వెతుకుతడు.

నేను ఏళ్ల తరబడి జెంకిన్స్ (ఆటోమేటిక్ బిల్డ్ సర్వర్) చూసుకుంటున్న. అది హడ్సన్ పేరుతో ఉండి, 2011లో ఒరాకిల్‌తో పేచీ వచ్చి పేరు మార్చుకున్న సంగతి పాతోళ్లకు యాదికుంటది. ఇప్పుడైతే చిన్న టీమ్‌కు గిట్‌ల్యాబ్ చాలు. ఉచిత ఖాతాలో కూడా "పైప్‌లైన్ పాసైతేనే కలపాలి" అనే సెట్టింగ్ ఉన్నది. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేట్ రెపోకు (కోడ్ దాచిన చోటు) బ్రాంచ్ ప్రొటెక్షన్, అంటే ఈ తాళం, రాదు, పైసలు కట్టాలె. గిట్‌ల్యాబ్ వాళ్ల మెషీన్ల మీద ఉచితంగా నెలకు 400 నిమిషాలే. 20 నిమిషాల బిల్డ్ అయితే 20 సార్లకే అయిపోతయి. అందుకే ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్‌ను రన్నర్‌గా (బిల్డ్ నడిపే మెషీన్) పెట్టుకోండి, సొంత రన్నర్ నిమిషాలు ఆ కోటాలోకి రావు. యూపీఎస్ మాత్రం తప్పనిసరి. రెపో పబ్లిక్ అయితే ఈ పని చేయకండి. ఎవరో తెలియని మనిషి పంపిన కోడ్ మీ ఆఫీసు మెషీన్ మీద నడుస్తది.

బిల్డ్ ఎందుకు నిదానమంటే, సర్వర్ చాలాసార్లు కొత్తగా క్లోన్ చేస్తది, అంటే కోడ్ మొత్తం మళ్లీ దించుకుంటది. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు (ఇదివరకే కంపైల్ అయిన ముక్కలు) ఉండవు. వాటిని దాచిపెట్టినా, క్లోన్‌లో ఫైళ్ల టైమ్ అంతా కొత్తదే కాబట్టి బిల్డ్ నడిపే టూల్ మేక్ అయినా నింజా అయినా అన్నీ మారినయనుకొని మొదటికెళ్లి కంపైల్ చేస్తది. సీక్యాష్ అనే టూల్ ఫైల్ టైమ్ చూడదు. కోడ్‌నూ, కంపైలర్ ఆప్షన్లనూ కలిపి హ్యాష్ (వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, అదే హ్యాష్‌తో పాత ఆబ్జెక్ట్ ఉంటే అది తెచ్చిస్తది. సొంత రన్నర్‌లో సీక్యాష్ ఫోల్డర్‌ను డిస్క్ మీదనే ఉంచుకోవచ్చు, డౌన్‌లోడ్ గోల కూడా లేదు.

ఇంకొకటి. మీ బోర్డు డెబియన్ 11 అన్నరు, దాంట్ల జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లన్నీ వాడే సిస్టమ్ లైబ్రరీ) 2.31. ఉబుంటు 22.04లో 2.35. ఉబుంటులో మామూలుగా లింక్ చేసిన హలో వరల్డ్ కూడా ఆ బోర్డు మీద లేవదు, "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అంటది. కాబట్టి డెబియన్ 11 కంటైనర్ (మెషీన్ లోపల వేరుగా ఉండే డెబియన్ 11 గది లాంటిది) లోపలే బిల్డ్ చేయండి. ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్ పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఏ కమిట్ (దాచిన కోడ్ మార్పు) నుంచి, ఏ కంపైలర్‌తో వచ్చిందో తెలియని ఫైల్ తూకం మెషీన్‌లో ఉండొద్దు. అక్కడ రైతు సొమ్ము ఉంటది.

నిట్_క్యాంపస్_ఫైనల్ ఇయర్

సార్, వార్నింగులను కూడా ఎర్రర్లుగా చేసి ఆపాలా? మా ప్రాజెక్టులో అట్లా పెడితే జీసీసీ అప్‌డేట్ చేసిన రోజే బిల్డ్ మొత్తం ఆగిపోయింది.

కాజీపేట_కంపైలర్

తమ్మీ, సర్వర్ మీద పెట్టు, సీమేక్ ఫైల్‌లో గట్టిగా రాయకు. కంటైనర్‌లో కంపైలర్ వెర్షన్ కదలదు, కాబట్టి అక్కడ కొత్త వార్నింగ్ వచ్చిందంటే అది మీరు రాసిన కోడ్ వల్లనే. బయటివాళ్ల మెషీన్‌లో ఏ కంపైలర్ ఉంటదో మనకు తెల్వదు, వాళ్ల బిల్డ్ ఎందుకు ఆపాలె? సీమేక్ 3.24 నుంచి దీనికోసమే కంపైల్ వార్నింగ్ యాజ్ ఎర్రర్ అనే వేరియబుల్ ఉన్నది, కమాండ్ లైన్‌లో ఇస్తే చాలు.

ఓరుగల్లు_టెస్టర్

జమ్మికుంట అన్నా, మీ రాత్రి ఫిక్స్ సంగతికి వస్తే, మిల్లులో నడిచేది మెయిన్ కాదు, రిలీజ్ ట్యాగ్ (విడుదల చేసిన వెర్షన్‌కు పెట్టిన గుర్తు). ఆ ట్యాగ్ నుంచే బ్రాంచ్ తీసి మీ ఒక్క లైన్ మార్చండి. దానికి పెట్టాల్సింది రెండు బిల్డ్‌లు, తూకం టెస్టులు, అంతే. నెలవారీ రిపోర్ట్ టెస్టు అందులో ఉండదు. మెయిన్‌కు ఎంత గట్టి తాళం ఉన్నా మీ దారికి అడ్డం రాదు. బిల్డ్ మాత్రం సర్వర్‌దే కావాలె, మీ ల్యాప్‌టాప్‌ది కాదు. మరునాడు అదే ఫిక్స్ మెయిన్‌లోకి మామూలు దారిలో రావాలె, లేకుంటే తరువాతి రిలీజ్‌లో పాత తప్పు మళ్లీ వస్తది.

టైమౌట్ టెస్టులంటరా, వాటిని అసలు పోర్ట్ మీద కాకుండా రికార్డ్ చేసిన బైట్ల మీద రాయొచ్చు. ఇండికేటర్ పంపిన వరుసను ఫైల్‌లో దాచుకొని పార్సర్‌కు (ఆ బైట్లలోంచి బరువు తీసే కోడ్) ఇవ్వండి. మధ్యలో తెగిన వరుస, చెత్త బైట్లు ఉన్న వరుస కూడా ఇవ్వండి. గడియారంతో పని లేదు కాబట్టి ఎప్పుడు నడిపినా ఒకటే ఫలితం. నిజమైన పోర్ట్ టెస్టులు రాత్రిపూట వేరేగా నడవనీయండి. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టేది) బిల్డ్ కూడా అప్పుడే, దాంతో ప్రోగ్రామ్ రెండింతలు నిదానిస్తది కాబట్టి పగలు అందరినీ ఆపాల్సిన పని లేదు.

కాంటా_కోడర్ (హన్మకొండ)

అందరికీ దండాలు. నా పట్టు మారలేదు గానీ తాళం దేనికి వేయాలో ఇప్పుడు స్పష్టమైంది. డెబియన్ 11 కంటైనర్‌లో ఏఆర్ఎం బిల్డ్, విండోస్ బిల్డ్, తూకం టెస్టులు, సొమ్ము టెస్టులు, వీటికే తాళం. పది నిమిషాలు దాటితే అందులోంచి ఏదో ఒకటి రాత్రికి మారుస్తం. రిపోర్ట్ టెస్టులు, పోర్ట్ టెస్టులు, శానిటైజర్లు రాత్రికే. లాంగ్ వాడిన చోట్లన్నీ వెతుకుడు ఇవాళనే మొదలుపెట్టినం. ఫీల్డ్ ఫిక్స్‌లకు ట్యాగ్ నుంచి వేరే దారి. తాళం తీసే హక్కు ఇద్దరికి ఇస్తం, తీసినోళ్లు కారణం రాయాలె. జమ్మికుంట అన్నా, ఆ ఇద్దరిలో ఒకరివి నువ్వే.

జమ్మికుంట_జంక్షన్

నా పేరు పెట్టు, కాదనను. కానీ అన్నా, రాత్రి మిల్లు దగ్గర ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత ఉంటది. సర్వర్ బిల్డ్ చేసిన ఫైల్ నా దాకా ఎట్ల వస్తదో తేలేదాకా పెన్‌డ్రైవ్ నా జేబులనే ఉంటది. అది ఎంత సైజో ముందు చెప్పు.

గోదావరిఖని_సిస్టమ్స్

స్ట్రిప్ చేసి (నడిచేటందుకు అక్కర్లేని సమాచారం తీసేసి) కంప్రెస్ చేస్తే చాలా తగ్గుతది, డీబగ్ సింబల్స్ వేరే ఫైల్‌లో సర్వర్ మీదనే దాచుకోండి. పెన్‌డ్రైవ్ ఉండనీయండి, దాంట్ల కూడా సర్వర్ బిల్డే ఉండాలె. ప్రతి రిలీజ్ రోజు పొద్దున కాపీ చేసుకొని, ఫైల్ షా256 (ఫైల్ మారలేదని తేల్చే హ్యాష్) సరిచూసుకొని బయలుదేరండి.

జమ్మికుంట_జంక్షన్

అది కుదురుతది. రిపోర్ట్ టెస్టులు రాత్రికి మార్చిన రోజు నాకు మెసేజ్ పెట్టండి, అప్పటిదాకా నేను ఒప్పుకున్నట్టు కాదు.