అప్‌డేట్: అడిలైడ్ నుంచి ఉలురుకి మోటర్‌హోమ్‌లో

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఎడారి మధ్యలోని ఉలురు అనే పెద్ద ఎర్రటి కొండ దాకా, మోటర్‌హోమ్‌లో (పడక, వంటగది ఉండే బండి) అమ్మానాన్నలతో వెళ్లవచ్చా, డీజిల్ దొరుకుతుందా అని ఆమధ్య అడిగాను కదా. జులైలో, అంటే అక్కడ చలికాలంలో, వెళ్లొచ్చాం. పగలు హాయిగా ఉంది, రాత్రిళ్లు మాత్రం ఎముకలు కొరికే చలి.

డీజిల్‌కి మరీ అంత టెన్షన్ అక్కర్లేదు. కానీ దారిలో గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటాక కూబర్ పీడీ అనే గనుల ఊరి దాకా, అంటే దాదాపు 250 కిలోమీటర్లు, బంకే లేదు. సగం ట్యాంకు ఉన్నా కనబడిన చోటల్లా నింపేయమన్నవాళ్లకి దండాలు!

అసలు భయం రోడ్ ట్రైన్లతోనే, అంటే వెనక రెండు మూడు ట్రైలర్లు తగిలించుకుని వెళ్లే భారీ లారీలు. కొన్నయితే 50 మీటర్ల పైనే పొడవు ఉంటాయి. ఎదురుగా దూసుకుపోతే గాలికి మన బండి పక్కకి ఊగుతుంది, గిన్నెల అర మొత్తం గలగలమంటుంది. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకోవాల్సిందే.

చీకటి పడ్డాక నడపలేదు. కంగారూలు అడ్డొస్తాయి, పైగా మా అద్దె ఒప్పందంలో రాత్రి ప్రమాదాలకి ఇన్సూరెన్స్ లేదు. మట్టి రోడ్లకీ అంతే.

నాన్నకి ఉలురు కన్నా కూబర్ పీడీలో నేల కింద తొలిచిన ఇళ్లే నచ్చాయి. అమ్మ కుక్కర్ విజిల్‌కి పక్క బండివాళ్లు తొంగిచూశారు, పప్పన్నం తినే వెళ్లారు.

ఉలురు ఎక్కడం 2019 అక్టోబర్ నుంచి నిషేధం, చుట్టూ నడవొచ్చు. ఉలురు దగ్గరి ఊరు యులారాలో క్యాంప్ సైట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, జులైలో అక్కడ స్కూళ్లకి సెలవులు.